మార్కండేయులి మలాం

చీరాల దగ్గర ఒక నేతపేటలో మార్కండేయులు అనే ఆయన ఉండేవాడు. పుండ్లకు, గాయాలకు మందు వేయడం ఆయనకు బాగా తెలుసు గాని, ‘నాకు తెలియదు’ అని ఒక్క మాట అనడం మాత్రం చేతకాదు.

కులవృత్తి నేత. ఇంట్లో, గుంటలోకి కాళ్ళు దించి తొక్కే గుంట మగ్గం ఉండేది. మలాం మాత్రం తండ్రి దగ్గర నుంచి వచ్చింది. గడ్డి చామంతి ఆకు, వేపచిగురు నూరి పసరు తీసి, నువ్వులనూనెలో సన్నని సెగ మీద కాచి, తేనెమైనం కలిపి చల్లార్చేవాడు. చిలకపచ్చ రంగులో వెన్నముద్దలా ఉండేది. సెగ్గడ్డలు, గోరుచుట్లు, వేడినీళ్ళు పడి లేచిన బొబ్బలు, సైకిలు చక్రంలో పడి చీరుకుపోయిన మడమలు, అన్నీ ఆ మలాంతో మానేవి. అందులో అబద్ధమేమీ లేదు.

తండ్రికీ కొడుక్కీ ఒక్కటే తేడా. తండ్రి కొన్ని పుండ్లు చూసి చేతులు కడుక్కుని, “ఇది నా వల్ల కాదు నాయనా, పట్నం వెళ్ళు” అనేవాడు. అందుకే ఆయన పేరు పేట దాటలేదు. మార్కండేయులు ఎవరినీ వెనక్కి పంపలేదు. మానినవాళ్ళు వచ్చి పొగిడేవారు. మాననివాళ్ళు మళ్ళీ వచ్చేవారు కాదు. రానివాళ్ళంతా మానినవాళ్ళే అనుకోవడం ఆయనకు అలవాటైపోయింది.

మందుకు డబ్బు పుచ్చుకునేవాడు కాదు. “పుణ్యానికి చేస్తున్నా” అనేవాడు. కాని మందు వేయించుకున్న మనిషి పదిమందిలో “నీది చెయ్యి కాదయ్యా, అమృతం” అనకుండా లేచి వెళ్ళిపోతే మార్కండేయులికి ఆ పూట అన్నం సహించేది కాదు.

ఆయన అక్క అంకమ్మ అదే పేటలో ఉండేది. చిన్నతనంలోనే తల్లి పోతే తమ్ముణ్ణి చంకనెత్తుకుని పెంచింది ఆమే. ఆమె భర్త భావనారాయణ పేటకంతటికీ మంచి నేతగాడు. ఆయన నేసిన చీర మీద కళ్ళు మూసుకుని వేలు పెట్టి తడిమినా పోగు ముడి తగిలేది కాదు. నెమ్మది మనిషి. బావమరిది అంటే ప్రాణం. ఒంట్లో షుగరు ఉండేది. గుర్తున్న రోజున మాత్ర వేసుకునేవాడు, గుర్తులేని రోజున రెండు లడ్డూలు తినేవాడు.

ఒకనాటి పొద్దున అంకమ్మ మగ్గం గుంట ఊడుస్తూ, కాలితో తొక్కే చెక్క మీద రక్తపు మరకలు చూసింది.

“ఏమయ్యా, కాలికేమన్నా తగిలిందా?”

“లేదే” అన్నాడు భావనారాయణ.

“ఏదీ, కాలెత్తు.”

కాలెత్తాడు. బొటనవేలి కింద అరికాల్లో రూపాయి బిళ్ళంత పుండు. తొక్కుడు చెక్కకు కొట్టిన మేకు పైకి లేచి ఉంది. అది గుచ్చుకుని ఎన్నాళ్ళయిందో ఆయనకే తెలియదు. దాని మీదే తొక్కుతూ నేస్తున్నాడు.

“నొప్పి లేదూ?” అంది అంకమ్మ.

“చీమ కుట్టినట్టు కూడా లేదే” అని నవ్వాడు ఆయన.

నొప్పి లేదన్న మాటకు ఆయనకు ధైర్యం వచ్చింది. అంకమ్మకు మాత్రం గుండెల్లో రాయి పడింది.

“పట్నం పెద్దాసుపత్రిలో చూపించుకుందాం.”

“ఇంట్లో ధన్వంతరిని పెట్టుకుని ఆసుపత్రి ఎందుకే? ఎవరన్నా వింటే మీ తమ్ముడికి తలవంపులు” అని భావనారాయణ చెప్పులేసుకుని బావమరిది ఇంటికి బయలుదేరాడు. అంకమ్మ కొంగు బిగించి వెనకే నడిచింది.

ఆ సమయానికి మార్కండేయులి అరుగు మీద నలుగురైదుగురు ఉన్నారు. వేటపాలెం నుంచి వచ్చిన ఒక ముసలాయన, తన మనవడి వీపు మీద పెద్ద సెగ్గడ్డ ఎలా మానిందో చెబుతున్నాడు. “డాక్టర్లు చేతులెత్తేశారండీ. ఈ మహానుభావుడు ఒక్క పట్టీతో లాగి పారేశాడు” అంటున్నాడు. మార్కండేయులు కళ్ళు దించుకుని వింటున్నాడు గాని చెవులు రిక్కించే ఉన్నాడు.

బావను చూడగానే లేచి కుర్చీ వేశాడు. కాలు ఒళ్ళో పెట్టుకున్నాడు. పుండు చుట్టూ వేలితో నొక్కాడు.

భావనారాయణ కదల్లేదు. మార్కండేయులు ఇంకొంచెం గట్టిగా నొక్కాడు. అప్పుడూ కదల్లేదు. ఎదుటి అరుగు మీద పిల్లితో “ష్, పో” అంటున్నాడు.

మార్కండేయులి చెయ్యి ఆగింది. ఆయన వైద్యమంతా ఎదుటివాడి మూలుగు మీదే నడిచేది. ఎక్కడ నొక్కితే మనిషి అబ్బా అంటాడో అక్కడ చీము ఉందని, నొప్పి తగ్గితే పుండు మానుతోందని లెక్క. ఈ కాలు ఏమీ చెప్పడం లేదు. ఇలాంటి పుండు తనకు తెలియదు. ఆ సంగతి ఆయనకు ఆ క్షణంలోనే తెలిసింది. “బావా, ఇది నా వల్ల కాదు” అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది.

తలెత్తి చూశాడు. వేటపాలెం ముసలాయన మెడ ముందుకు చాచి చూస్తున్నాడు. మిగతావాళ్ళూ చూస్తున్నారు.

“ఇదెంత బావా!” అన్నాడు మార్కండేయులు. “నొప్పే లేదంటే సగం మానినట్టే. పట్టీ వేస్తా. నిక్షేపంలా నేసుకో.”

“మరి ఆసుపత్రి?” అంది అంకమ్మ.

“ఆసుపత్రికెళ్తే వాళ్ళకు తెలిసింది ఒక్కటే అక్కా, కోయడం.”

అరుగు మీద వాళ్ళంతా నవ్వారు. భావనారాయణ కూడా నవ్వాడు. మార్కండేయులు మలాం దట్టంగా పూసి, మెత్తని పాతగుడ్డతో కట్టు కట్టాడు.

రోజూ ఉదయం కట్టు మార్చేవాడు. అక్క ఇంటికి తనే వెళ్ళేవాడు. నెల తిరిగేసరికి పుండు నోరు మూసుకుంది. పైన తోలు వచ్చింది. కొంచెం గట్టిగా, పసుపుపచ్చగా కాయ కాసినట్టు ఉంది గాని, పుండు కనబడటం లేదు. మార్కండేయులికి పట్టరాని ఆనందం కలిగింది. ఆ రోజు తనకు తెలియదనుకున్నది తన పిరికితనమే అనుకున్నాడు. బావను వెంటబెట్టుకుని వీధంతా తిప్పాడు. కనబడిన ప్రతివాడికీ, “బావా, కాలు చూపించు” అనేవాడు. మొహమాటస్తుడు భావనారాయణ రోడ్డు మీద గోడ పట్టుకుని నిలబడి అరికాలు చూపించేవాడు. చూసినవాళ్ళు “షుగరు పుండు కూడా మాన్పాడయ్యా!” అని ముక్కున వేలేసుకునేవారు. ఆ మాట పక్క ఊళ్ళకూ పాకింది.

తోలు కింద ఏం జరుగుతోందో ఎవరికీ తెలియదు.

కొన్నాళ్ళకు అంకమ్మకు మగ్గం గుంటలో ఏదో వాసన తగిలింది. ఎలుక చచ్చిందేమో అని మూలమూలలా వెతికింది. ఎలుక లేదు. మధ్యాహ్నం భోజనానికి భర్త పీట మీద కూర్చుంటే అదే వాసన వచ్చింది. పాదం వాచి నిగనిగలాడుతోంది. బొటనవేలు రంగు మారింది. అన్నం విస్తరి వదిలేసి తమ్ముడి ఇంటికి పరుగెత్తింది.

మార్కండేయులు వచ్చి చూశాడు. గట్టిపడిన తోలును వేలితో నొక్కితే పక్క నుంచి చీము ఉబికింది. ఆయన ముఖం పాలిపోయింది.

అంకమ్మ తలుపు దగ్గరగా వేసింది. ఇంట్లో వాళ్ళు ముగ్గురే ఉన్నారు. అరుగు లేదు, పొగిడేవాళ్ళు లేరు.

“తమ్ముడూ, నా మొహం చూసి చెప్పు. ఇది నీ చేతిలో ఉందా? లేకపోతే లేదని చెప్పు. ఇప్పుడే ఆటో పిలుచుకుని పట్నం పోతాం. నిన్ను ఎవరూ ఏమీ అనరు. నేను అననివ్వను.”

దేవుడు మనిషికి అంతకన్నా మంచి అవకాశం ఇవ్వడు. మార్కండేయులు అక్క ముఖంలోకి చూశాడు. తర్వాత కిటికీలోంచి వీధిలోకి చూశాడు. బావను వీధి వీధీ తిప్పింది తనే. ఇప్పుడు ఆటో ఎక్కిస్తే ఆ వీధుల్లోంచే పోవాలి.

“నా చేతిలోనే ఉందక్కా” అన్నాడు. “లోపల దుర్మాంసం పెరిగింది. దాన్ని తినేసే మందు వేరే ఉంది. రేపు తెస్తా.”

అంకమ్మ ఇంకేమీ అడగలేదు. తాను పెంచిన చెయ్యి మీద ఆమెకు నమ్మకం.

మర్నాడు మార్కండేయులు మైలుతుత్తం అనే నీలం ఉప్పురాయిని పొడి చేసి మలాంలో కలిపి తెచ్చాడు. పూర్వం గుర్రాల పుండ్లకు, పశువుల గిట్టలకు దాన్ని వాడేవాళ్ళు. పచ్చి మాంసం మీద పడితే మనిషి ఇల్లెగిరేలా అరుస్తాడు. బావ అరవకుండా పళ్ళ మధ్య పెట్టుకోవడానికి గుడ్డ కూడా మడిచి తెచ్చాడు. తోలు తొలగించి ఆ నీలం ముద్దను గుంటలోకి కూరాడు.

భావనారాయణ కదల్లేదు. “మార్కండేయులూ, ఈసారి అంచుకు మామిడిపిందె వేద్దామనుకుంటున్నానయ్యా. ఎర్ర పడుగు మీద ఆకుపచ్చ ఎలా ఉంటుందంటావు?” అని అడిగాడు.

“బాగుంటుంది బావా” అన్నాడు మార్కండేయులు. అక్క తన ముఖం చూస్తుందేమోనని గబగబా కట్టు కట్టేసి, మడిచి తెచ్చిన గుడ్డను జేబులో కుక్కుకుని, మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

ఆ వారం గడవకముందే భావనారాయణకు ఒళ్ళు కాలిపోయే జ్వరం వచ్చింది. మాట తడబడింది. బొటనవేలు నల్లగా బొగ్గులా మారింది. ఈసారి అంకమ్మ ఎవరినీ అడగలేదు. ఇరుగుపొరుగు వాళ్ళను పిలిచి భర్తను ఆటోలో పడుకోబెట్టించింది. మార్కండేయులు పరుగెత్తుకొచ్చి ఆటోలో ఒక మూల ఎక్కి కూర్చున్నాడు.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. కట్టు విప్పి చూసి ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది.

“లోపల చీము ఎముకదాకా పోయిందమ్మా. విషం పైకెక్కుతోంది. మోకాలి కింద నుంచి తీసేస్తే మనిషి దక్కుతాడు.”

అంకమ్మ గోడకు చేరగిలబడింది. “పుండు మానిందమ్మా. మేమంతా చూశాం. తోలు కూడా వచ్చింది” అంది.

“పైన మూసుకుందమ్మా, లోపల మానలేదు. షుగరు వల్ల ఈయన కాళ్ళలో నరాలు చచ్చుబడ్డాయి. నెత్తురు కూడా సరిగ్గా అందడం లేదు. అందుకే నొప్పి తెలియలేదు. నొప్పి లేకపోవడమే అసలు జబ్బు. ఇలాంటి పుండుకు చచ్చిన కండ తీసి శుభ్రం చేయాలి. చీము పట్టకుండా మందులివ్వాలి, షుగరు అదుపులో పెట్టాలి. అన్నిటికన్నా ముందు ఆ కాలు నేల మీద మోపనివ్వకూడదు. ఇవన్నీ జరిగితే పైన పూసే మందు కూడా తన వంతు పని తాను చేస్తుంది. ఇవేవీ లేకుండా ఎంత మంచి మందు పూసినా, చెద పట్టిన దూలానికి రంగు వేసినట్టే. ఈయన ఈ కాలితో పనిచేస్తున్నాడా?”

“మగ్గం తొక్కుతున్నాడు” అంది అంకమ్మ. ‘నిక్షేపంలా నేసుకో’ అన్నవాడు ఆమె పక్కనే నిలబడి ఉన్నాడు.

డాక్టరమ్మ దూదితో నీలం ముద్దను తుడిచి చూసింది. ఆమె గొంతు మారింది.

“ఇది మైలుతుత్తం. దీన్ని ఎవరు పూశారు?”

మార్కండేయులు తలుపు వైపు చూశాడు. ‘నేనే’ అన్నది చిన్న మాట. కాని వరండాలో, వెనకే వచ్చిన పేటవాళ్ళు నిలబడి ఉన్నారు.

బల్ల మీద నుంచి భావనారాయణ కళ్ళు తెరిచాడు. జ్వరంలో కూడా ఆయన చూపు బావమరిది మీదికే పోయింది.

“నేనే పూసుకున్నానమ్మా” అన్నాడు. “నా అశ్రద్ధే. వేరే ఎవరి తప్పూ లేదు.”

అంకమ్మ తమ్ముడి వైపు తిరిగి చూసింది. ఇప్పుడైనా నోరు విప్పుతాడేమోనని ఎదురుచూసింది. మార్కండేయులు తల దించుకుని తన కాలివేళ్ళను చూసుకున్నాడు.

కాలు తీసేశారు. మనిషి దక్కాడు.

ఇంటికి వచ్చాక భావనారాయణ మగ్గం గుంటలోకి దిగే వీలు లేకపోయింది. ఒంటికాలితో గుంట మగ్గం నడవదు. వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని, ఆడవాళ్ళూ పిల్లలూ చేసే పని చేసేవాడు, కండెలకు నూలు చుట్టేవాడు. గుంటలోకి అంకమ్మ దిగింది. ఆ వయసులో కొత్తగా తొక్కడం నేర్చుకుంది. ఆమె నేసిన గుడ్డలో పోగు ముళ్ళు చేతికి తగిలేవి. భావనారాయణ వాటిని తడిమి, ఏమీ అనకుండా మడతపెట్టేవాడు.

మార్కండేయులు రోజూ వెళ్ళి బావ పక్కన కూర్చునేవాడు. భావనారాయణ మునుపటిలాగే పలకరించేవాడు. అంకమ్మ మంచినీళ్ళు ఇచ్చేది, తిన్నావా అని అడిగేది. ఆ మంచితనం ఆయనకు ముల్లులా గుచ్చుకునేది. ఒకరోజు తట్టుకోలేక గుంట పక్కన కూలబడ్డాడు.

“అక్కా, నన్ను తిట్టు. చెప్పు తీసుకుని కొట్టు.”

అంకమ్మ అడ్డపోగు విసిరే నాడె ఆపింది.

“మందు పూసినందుకు నిన్నేమీ అననురా. నీకు తెలిసింది నువ్వు చేశావు. తలుపు వేసి, నా మొహం చూసి చెప్పమని అడిగానే, ఆ రోజు ‘తెలీదక్కా’ అనుంటే చాలు. అదే మందయ్యేది. నాకంటే వీధిలోవాళ్ళు ఎక్కువయ్యారురా నీకు.”

మళ్ళీ నాడె విసిరింది. ఆ తర్వాత ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు.

మార్కండేయులు ఇంటికి వెళ్ళి ఆ రోజుకు మలాం కాచే మూకుడు బోర్లించాడు. ఇక షుగరు పుండు ముట్టుకోకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. జరిగింది దాచకుండా చెప్పాలనుకున్నాడు. కాని ఆయన చెప్పకముందే పేట తన కథ తాను అల్లేసుకుంది.

“మార్కండేయులి మందుతో మానిపోయిన కాలే. ఆసుపత్రికి తీసుకెళ్ళారు, కోసేశారు” అన్నారు. “భావనారాయణే అన్నాడట, ఏదో నీలం మందు తనే పూసుకున్నానని. చెప్పిన మాట వినకపోతే వైద్యుడేం చేస్తాడు?” అన్నారు. కాలు పోయాక మార్కండేయులి పేరు ఇంకా పెరిగింది. అరుగు మీద జనం తగ్గలేదు. ఒకప్పుడు చెవులు రిక్కించి విన్న ఆ పొగడ్తే ఇప్పుడు చెవుల్లో సీసం పోసినట్టు ఉండేది. ఒకరిద్దరికి, “కాదయ్యా, ఆ కాలు పోయింది నా వల్లే” అన్నాడు. వాళ్ళు లెంపలేసుకుని, “ఎంత పెద్దమనసండీ! బావ తప్పు తన మీద వేసుకుంటున్నాడు” అన్నారు.

ఆ ఎండాకాలం సముద్రం వైపు తోపుల్లో తాటిచెట్లెక్కి కల్లు తీసే యలమంద అనే గీతపనివాడు, కూతురు నాగేంద్రం భుజం పట్టుకుని కుంటుతూ వచ్చాడు. మడమ మీద పుండు. చెట్టెక్కేటప్పుడు తాటిమట్ట గీసుకుందట. మార్కండేయులు పుండు చుట్టూ నొక్కాడు. యలమంద కదల్లేదు.

“షుగరు ఉందా?” అని అడిగాడు మార్కండేయులు.

“ఉందన్నారయ్యా. అదంతా మీకెందుకు, మీ పచ్చ మందు కాస్త పూయండి.”

మార్కండేయులు లేచి నిలబడ్డాడు. జీవితంలో మొదటిసారి ఆ మాట నోటివెంట వచ్చింది.

“నాకు తెలియదు యలమందా. ఇలాంటి పుండు మాన్పడం నాకు చేతకాదు. పట్నం పోదాం పద. నేనే తీసుకెళ్తా. డాక్టరమ్మ మంచిది. ఇప్పుడైతే కాలు దక్కుతుంది.”

అరుగు మీద నవ్వులు లేచాయి. యలమంద కూడా నవ్వాడు.

“మీకు చేతకాకపోవడమేంటయ్యా! ఊరూరా చెప్పుకుంటుంటేనూ.”

“అవి అబద్ధాలు. మా బావ కాలు పోయింది నా మందు వల్లే.”

“మీ ఇంటికొచ్చే ముందు మీ బావనే అడిగొచ్చానండీ. ‘నా అశ్రద్ధ వల్ల పోయింది, మా వాడి తప్పు లేదు’ అన్నాడాయన.” యలమంద ముఖంలో నవ్వు మెల్లగా చచ్చిపోయింది. “ఓహో, అర్థమైంది లెండి. కల్లు కుండలు మోసేవాళ్ళ కాళ్ళు ముట్టుకోవడం ఇష్టం లేదు. ఆ మాట తిన్నగా చెప్పొచ్చుగా.”

“అయ్యో, కాదు!” మార్కండేయులు వంగి అతని పాదం రెండు చేతులతో పట్టుకున్నాడు. “నీ కాలు పట్టుకుని చెబుతున్నా. నా మాట నమ్ము.”

యలమంద కాలు వెనక్కి లాక్కున్నాడు. “ఇంతమందికి పూసిన మందు నా ఒక్కడికి పనిచేయదా? పదవే నాగేంద్రం” అని కూతురి భుజం పట్టుకున్నాడు. మార్కండేయులు వీధి చివరిదాకా వెంటపడ్డాడు. యలమంద వెనక్కి తిరగలేదు.

ఆయన అక్కడి నుంచి నేరుగా బావ దగ్గరికి పోయాడు.

“బావా, నీకు దణ్ణం పెడతా. నిజం చెప్పు. ఎవరడిగినా, నా బావమరిదే నా కాలు తీశాడని చెప్పు.”

భావనారాయణ చేతిలో కండె ఆగింది. “ఆసుపత్రిలో అంతమంది ముందు ఒక మాట అన్నాను. ఆ రోజు నువ్వు కాదనలేదు. ఇప్పుడు నేను మార్చి చెబితే ఎవరు నమ్ముతారయ్యా?” అన్నాడు నెమ్మదిగా. అయినా కర్ర సాయంతో, బావమరిది పట్టుకోగా, తోపు దాకా వెళ్ళాడు. యలమంద గుడిసెలో లేడు. కూతురితో కలిసి సంతకు వెళ్ళాడని పక్క గుడిసెవాళ్ళు చెప్పారు.

ఆ సంతలో ఒకడు చిన్న డబ్బాల్లో ఏదో పచ్చని ముద్ద పెట్టుకుని, “మార్కండేయులి మలాం! అసలైన మలాం!” అని అరుస్తూ అమ్ముతున్నాడు. యలమంద అది కొనుక్కున్నాడు. తరువాత మార్కండేయులు ఎన్నిసార్లు తోపుకు వెళ్ళినా ఆ గుడిసె తలుపు తెరుచుకోలేదు. “మీరివ్వని మందు మాకు దొరికింది లెండి” అని లోపల నుంచి నాగేంద్రం గొంతు మాత్రం వినబడేది.

వానలు మొదలయ్యే రోజుల్లో ఒక మధ్యాహ్నం నాగేంద్రం మార్కండేయులి అరుగు ముందుకు వచ్చి నిలబడింది. జుట్టు విరబోసుకుని ఉంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

“మా నాయన పోయాడు” అంది. “విషం తొడదాకా ఎక్కిందన్నారు. సంతలోది నీ మందు కాదంట, నకిలీదంట. నీ చేత్తో నువ్వు ఒక్కసారి పూసుంటే బతికేవాడు. మందు చేతిలో పెట్టుకుని మా నాయన్ని చంపావు!”

“నా మందైనా అంతేనమ్మా. అందుకే పూయలేదు. నీకు నిజం చెబుతున్నా…”

“ఇంకా అబద్ధాలా?” అని ఆ పిల్ల వంగి, వీధిలోని మట్టి రెండు చేతులా ఎత్తి ఆయన ముఖాన పోసింది. తర్వాత కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తూ వెళ్ళిపోయింది.

అరుగు మీద కూర్చున్నవాళ్ళు లేచి, మార్కండేయులి భుజం మీద మట్టి దులిపారు. “పోనీలెండి, తెలివితక్కువ పిల్ల. మీ చెయ్యి పడుంటే బతికేవాడన్న మాట మాత్రం నిజమేగా” అన్నారు.

మార్కండేయులు వాళ్ళ వైపు చూశాడు. చెప్పడానికి ఆయన దగ్గర నిజం ఉంది గాని, దాన్ని వినేవాళ్ళు లేరు. లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

తెలియనిదాన్ని తెలియదని అడిగిన రోజే చెప్పాలి. పొగడ్తకు ఆశపడి ఆ మాట మింగినవాడు, తరువాత ఎంత నిజం చెప్పినా అది ఎవరి గాయానికీ మందు కాదు.